బండి కడిగి తేవద్దు

2019 వానాకాలం. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే పెద్ద రోడ్డు మీద, కొత్తకోట దాటే చోట మా రేకుల షెడ్డు ఉంది. అందులో నేనూ, మా ఆయన జహంగీర్ గేరుబాక్సులు బాగు చేస్తాం. పెళ్లయిన కొత్తలో నా పని కిరసనాయిలు పళ్లెంలో గేరు చక్రాలు కడగడం. కడగగా కడగగా ఏ పన్ను అరిగిందో వేళ్లకే తెలిసేది. తర్వాత స్పానర్ పట్టాను, ఆ తర్వాత స్టీరింగ్. అక్షరాలు మాత్రం చాలా ఆలస్యంగా, పెద్ద బిడ్డ పెళ్లి అయ్యాక పట్టుబడ్డాయి. తెలుగు రాయడం, చదవడం మహిళా సంఘంలో నేర్చుకున్నాను. ఇంగ్లీషు మాత్రం నాకు ఏ, బీ, సీ, డీలతో మొదలుకాలేదు. పీ, ఆర్, ఎన్, డీలతో మొదలైంది. ఆటోమేటిక్ బండి గేరు కడ్డీ పక్కన ఉండే అక్షరాలు అవే. పీ అంటే బండిని నిలిపి ఉంచేది, ఆర్ అంటే వెనక్కి, ఎన్ అంటే ఏ గేరూ లేకుండా ఖాళీగా ఉండేది, డీ అంటే ముందుకు.

ఆటోమేటిక్ బండ్లలో గేరు మార్చేది మనిషి కాదు, కంట్రోల్ యూనిట్ అనే చిన్న పెట్టె. దాన్ని చూసి జనం భయపడతారు గానీ అది చేసేది మనం రోజూ చేసే పనే. గుట్ట ఎక్కేటప్పుడు చిన్న అడుగులు వేస్తాం. చదునులో పెద్ద అడుగులు వేస్తాం. చిన్న అడుగు కింది గేరు, పెద్ద అడుగు పై గేరు. ఎప్పుడు ఏ అడుగు వేయాలో ఆ పెట్టె ముఖ్యంగా రెండు సంగతులు చూసి తేల్చుకుంటుంది. ఒకటి, బండి ఎంత వేగంగా పోతోంది. రెండు, డ్రైవరు పెడల్ ఎంత తొక్కాడు. వేగం పెరిగితే పై గేరుకు పోతుంది. బండి బరువుగా లాగుతుంటే కింది గేరుకు దిగుతుంది. ఈ రెంటి మధ్య ఏదీ తేల్చుకోలేక మాటిమాటికీ ఎక్కి దిగుతుంటే దాన్ని హంటింగ్ అంటాం. ఆ హంటింగే ఆ ఏడు నన్ను తిప్పలు పెట్టింది.

ఒకరోజు పొద్దున ఆత్మకూరు వైపు నుంచి తెల్లటి డీజిల్ పికప్ ఒకటి వచ్చి షెడ్డు ముందు ఆగింది. కడిగిన ముత్యంలా ఉంది. వెనక తొట్టిలో గడ్డిపోచ కూడా లేదు. డ్రైవరు ఎడమ కాలు కర్రలా చాపి, తలుపు పట్టుకుని మెల్లగా దిగాడు. వెనక సీట్లోంచి అతని భార్య దిగింది.

"అక్కా, గీ బండికి దయ్యం పట్టింది" అన్నాడు.

"దయ్యానికైతే దర్గాకు పోవాలె తమ్మీ. గేర్లకైతే గిక్కడికి రావాలె. ఏం చేస్తాంది?"

"నాలుగుకు ఎక్కుతది. ఎక్కంగనే మూడుకు దిగుతది. మల్ల ఎక్కుతది. ముందుకు తోస్తది, ఎనుకకు గుంజుతది. ఉయ్యాల్ల కూసున్నట్టుంటది."

"గీయనకు ఉయ్యాల, నాకు ఒకటే కడుపుల తిప్పుడు" అంది భార్య.

అతని పేరు కుర్మన్న, ఆమె పేరు బాలమణి. కుర్మన్న లారీ డ్రైవరు. ఒక ప్రమాదంలో ఎడమ మోకాలు దెబ్బతిని వంగకుండా పోయింది. క్లచ్ తొక్కలేని మనిషికి లారీ ఎవరిస్తారు? ఇంటి అరుగు మీద కూర్చుని వలలకు చిల్లులు కుట్టే పనిలో పడ్డాడు. బాలమణి వాళ్లది చేపలు పట్టే ఇల్లు. కృష్ణ నీళ్లలో దొరికే కొర్రమీనును ప్రాణంతో అమ్మితే మంచి గిరాకీ అని ఆమెకు తెలుసు. ఆటోమేటిక్ బండికి క్లచ్ ఉండదని, కుడి కాలు ఒక్కటే చాలని ఆమె తమ్ముడు ఎక్కడో విని వచ్చాడు. హైదరాబాదులో ఒక పెద్దమనిషి ఫామ్‌హౌసులో ఊరికే నిలబెట్టిన పాత పికప్‌ను బేరమాడి తెచ్చారు. స్టీరింగ్ మళ్లీ చేతికొచ్చిన రోజు కుర్మన్న ఏ పనీ లేకుండా ఆత్మకూరు బజారంతా చుట్టి వచ్చాడట. కనబడ్డ వాళ్లందరికీ హారన్ కొట్టాడట.

"గుర్తుపట్టనోళ్లకు గూడ కొట్టిండు" అంది బాలమణి.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. బండి ఊగడం మొదలైంది. హైదరాబాదులో ఒక పెద్ద వర్క్‌షాపులో చూపించారు. ఏ లోపమూ కనబడటం లేదని, అయినా ఇట్లాగే చేస్తుంటే గేరుబాక్సు మొత్తం మార్చడం తప్ప దారి లేదని వాళ్లు చెప్పారు. అది బండి కొన్నదానికంటే ఎక్కువ ఖర్చు. అంత పెట్టలేక బండి అమ్మేద్దామని ఇంట్లో మాట నడుస్తోంది.

"అక్కా, మా దిక్కు గీ కాలుతోని నడిపే బండి గిదొక్కటే" అన్నాడు కుర్మన్న. "గిది పోతె మల్ల నేను, నా అరుగు, నా వల."

చూస్తాను అన్నాను. ముందు గేరుబాక్సు ఆయిల్ చూశాను. ఆయిల్ రంగు, వాసన చూస్తే లోపలి సంగతి సగం తెలుస్తుంది. ఎర్రగా, శుభ్రంగా ఉంది. మాడు వాసన లేదు. స్కానర్ పెట్టాం. అది కంట్రోల్ యూనిట్‌తో మాట్లాడే యంత్రం. లోపల ఏ తప్పూ నమోదు కాలేదు. తర్వాత నేనే తోలుకుంటూ పెద్ద రోడ్డు మీద పెబ్బేరు వైపు పోయి వచ్చాను. అద్దం కింద గేరు చూపే అంకెలు ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు అని నున్నగా మారాయి. ఒక్క కుదుపు లేదు.

"దవాఖానకు రాంగనే జరం దిగింది" అన్నాడు జహంగీర్.

కుర్మన్న ముఖం చిన్నబోయింది. బండి బాగుందంటే సంతోషించాల్సిన మనిషి, తన మాట అబద్ధమైందని బాధపడుతున్నాడు. "కసమక్కా, గట్లనే చేస్తది" అన్నాడు.

వారం తిరగకముందే మళ్లీ వచ్చారు. మళ్లీ అదే కడిగిన ముత్యం.

"సరే తమ్మీ, ఎప్పుడు చేస్తదో చెప్పు" అన్నాను.

"పోయేటప్పుడు చేస్తది, వచ్చేటప్పుడు చెయ్యది."

"పోయేటప్పుడు ఎనుక ఏముంటది?"

"చేపల ట్యాంకు."

జహంగీర్ చిటికె వేశాడు. "లోడు! బరువుకు దమ్ము పోతాంది దీనికి." ట్యాంకు ఎంత బరువుంటుందో కనుక్కుని, పక్క దుకాణం నుంచి అంత బరువుకు సరిపడా సిమెంటు బస్తాలు తెచ్చి తొట్టిలో వేశాడు. ఈసారి కుర్మన్నను తోలమని నేను పక్కన కూర్చున్నాను. బస్తాల బరువుతో బండి కొంచెం ఆలస్యంగా గేరు ఎక్కింది. అది న్యాయమే, బరువుకు అట్లాగే ఎక్కాలి. అంతకు మించి ఏమీ లేదు. పెళ్లి కూతురి పల్లకీలా పోయింది.

ఆయిల్ బాగుంది, యంత్రం బాగుంది, బరువు మోస్తోంది. మరి మిగిలింది ఏమిటి? డ్రైవరు కాలు. లారీ తోలిన వాళ్లకు పెడల్‌ను కొట్టి కొట్టి తొక్కే అలవాటు ఉంటుంది. కాలు ఊగితే గేరు ఊగుతుంది.

"తమ్మీ, నీది లారీ కాలు. ఒక్కతీరుగ ఒత్తుతలేవేమో" అన్నాను.

కుర్మన్న తన కుడి కాలు తడుముకున్నాడు. తర్వాత అన్నాడు: "ఉన్నది ఒక్క కాలక్కా. దాని మీద గూడ నింద పెడితె ఎట్ల?"

బాలమణి పకపకా నవ్వింది. అతను కూడా నవ్వాడు. నవ్వుతూనే వెళ్లిపోయారు గానీ నాకు మాత్రం అన్నం సహించలేదు. వెళ్లేముందు బాలమణి వెనక్కి వచ్చి, మక్తల్‌లో ఒకాయన బండి అడుగుతున్నాడనీ, రెండు మూడు రోజుల్లో చూడటానికి వస్తాడనీ మెల్లగా నా చెవిలో వేసింది.

ఆ రెండు రోజుల మధ్యలోనే మా వియ్యపురాలు వస్తున్నానని ఫోన్ చేసింది. ఆమెకు కొర్రమీను అంటే ప్రాణం. నాకు ఎట్లాగూ ఆత్మకూరులో ఒక ట్రాక్టరు గేర్లు చూసే పని ఉంది. పొద్దున్నే బస్సులో పోయి పని చూసుకుని చేపల కోసం బాలమణికి ఫోన్ చేశాను. తాము చేపలతో కొత్తకోట మీదుగానే పోతున్నామని, తమ బండిలోనే రమ్మని అంది. తీరా బండి వచ్చి ఆగేసరికి కుర్మన్న కంగారుగా దిగాడు.

"జర ఆగక్కా. నువ్వొస్తవని ఎరుక లేదు, బాలమణి గిప్పుడే చెప్పింది. బండి కడగలే. నీచు వాసనొస్తది. గీ చేపలు దించొచ్చి, కడిగి, అప్పుడు ఎక్కించుకపోత."

"చేపల బండి చేపల వాసన రాక అత్తరు వాసనొస్తదా? తలుపు తియ్యి."

అప్పుడు తెలిసింది అసలు సంగతి. కుర్మన్న మా షెడ్డుకు వచ్చిన ప్రతిసారీ ముందు రోజే నీళ్లు పారబోసి, ట్యాంకు విప్పి ఇంటి దగ్గర దించి, సబ్బుతో తొట్టి కడిగి వచ్చేవాడు. హైదరాబాదు వర్క్‌షాపుకు కూడా అట్లాగే తీసుకుపోయాడు. నలుగురు మనుషులు వంగి పనిచేసే చోటికి నీచు బండి తేవడం మర్యాద కాదని అతని లెక్క. మా దిక్కు అందరిదీ అదే లెక్క. ట్రాక్టరు రిపేరుకు తెచ్చినా కడిగి, బొట్టు పెట్టి తెస్తారు.

ముందు సీట్లో కూర్చున్నాను. వెనక సీట్లో బాలమణి. ఆమె వెనక అద్దం, అద్దం వెనకే నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు, దాని నిండా కాదు, సగానికి కొంచెం పైదాకా నీళ్లు, నీళ్లలో కొర్రమీన్లు.

ఊరు దాటి చదును రోడ్డు ఎక్కాం. బండి నాలుగో గేరుకు ఎక్కింది. ఎక్కిందో లేదో, ముందుకు ఒక తోపు. వెంటనే వెనక్కి ఒక గుంజు. అంకె మూడుకు దిగింది. మళ్లీ నాలుగు. మళ్లీ మూడు.

"సూసినవా అక్కా, సూసినవా!" కుర్మన్న అరిచాడు. రోగం బయటపడినందుకు అంత సంతోషించిన మనిషిని నేను ఎన్నడూ చూడలేదు.

నేను అతని కాలునే చూశాను. పెడల్ మీద గూట్లో పెట్టిన రాయిలా కదలకుండా ఉంది. "నీ కాలుకు మాఫీ" అన్నాను.

"గది బాలమణికి చెప్పక్కా. మొన్నటిసంది లారీ కాలు, లారీ కాలు అని సంపుతాంది."

కళ్లు పని చేయని చోట చెవులు పెట్టమంటాడు జహంగీర్. కళ్లు మూసుకున్నాను. గేరు మారే ముందు ప్రతిసారీ వెనక నుంచి ఒక చప్పుడు. గుబుక్. కొంచెం ఆగి, దూరంగా ఇంకో గుబుక్. నీళ్లు ట్యాంకు ముందు గోడకు తగిలి, పోయి వెనక గోడకు తగులుతున్నాయి. ముందు గోడకు తగిలినప్పుడు బండికి తోపు. వెనక గోడకు తగిలినప్పుడు గుంజు.

ఆ చప్పుడు నాకు తెలుసు. చిన్నప్పుడు మా ఊళ్లో నీళ్లు ఉప్పు నీళ్లు. తాగే నీళ్లకు మైళ్ల దూరం ఉన్న బావికి బిందెలతో పోయేవాళ్లం. నిండు బిందె ఎత్తుకుంటే బరువే గానీ నడక సాగిపోతుంది. సగం బిందె ఎత్తుకుంటే నీళ్లు మనిషిని ఊపుతాయి. మన అడుగుకు నీళ్లు ఊగుతాయి, నీళ్ల ఊపుకు మన అడుగు తప్పుతుంది, తప్పిన అడుగుకు నీళ్లు ఇంకా ఊగుతాయి. కాసేపటికి ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో తెలియదు. అందుకే మా అమ్మ బిందెలో ఆకుల మండ ఒకటి వేసి నెత్తికెత్తేది. మండ వేస్తే నీళ్లు అణిగిపోయేవి.

"బండి ఆపు తమ్మీ" అన్నాను.

గేరుబాక్సుకు కళ్లు లేవు. వెనక నీళ్లున్నాయని దానికి తెలియదు. నీళ్లు ముందుకు తోస్తే వేగం కాస్త పెరుగుతుంది. చదునులో పోతున్నాం కాబోలు అనుకుని పై గేరుకు ఎక్కుతుంది. నీళ్లు వెనక్కి గుంజితే బండి బరువెక్కుతుంది. గుట్ట వచ్చింది కాబోలు అనుకుని దిగుతుంది. ఎక్కి దిగినప్పుడల్లా ఒక కుదుపు. ఆ కుదుపుకు నీళ్లు ఇంకా ఊగుతాయి. సిమెంటు బస్తాలకు అంతే బరువున్నా అవి ఊగవు. ఖాళీ బండికి ఊపే లేదు. పాపం, ఆ గేరుబాక్సు తనకు తెలిసినంతలో సరిగ్గానే పనిచేస్తోంది.

ఇదంతా రోడ్డు పక్కన నిలబడి చెప్పాను. కుర్మన్న నోరు తెరిచి విన్నాడు. బాలమణి మాత్రం ట్యాంకు మూత తీసి లోపలికి చూస్తోంది.

"మరి నీళ్లు నిండ పోస్తె? నిండు కుండ తొణకదంటరు గద?" అన్నాడు కుర్మన్న.

"నిండ పోస్తె చేప సస్తది" అంది బాలమణి. "కొర్రమీను పైకొచ్చి గాలి పీలుస్తది. జాగా ఇడువాలె."

"అయితే వేప మండలు కొట్టి వేద్దాం" అన్నాను.

"ఏందక్కా, వేప చేదుకు చేప తట్టుకుంటదా? నీ వియ్యపురాలికి చేదు పులుసు పోస్తవా?" అంటూనే ఆమె చేపల కత్తి తీసుకుని రోడ్డు దిగింది. పక్కనే కాలువ. గట్టున మనిషెత్తు జమ్ము పెరిగి ఉంది. రెండు చంకల నిండా కోసుకొచ్చి, కట్టలు కట్టి, ట్యాంకులో అక్కడొకటి ఇక్కడొకటి నిలువుగా దోపింది. "చెరువుల గూడ జమ్ముల నక్కుడే దీనికిష్టం. సల్లగ ఉంటది" అంది. నిజమే, చేపలు ఆ కట్టల సందుల్లోకి పోయి నిలిచాయి.

బండి కదిలింది. రెండు. మూడు. నాలుగు. ముగ్గురం ఆ అంకె మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాం. బాలమణి రెండు సీట్ల మధ్య నుంచి మెడ చాపింది. వెనక మెల్లగా, కప్ప గెంతినంత చప్పుడు. అంకె కదల్లేదు. కొంతసేపటికి అయిదుకు ఎక్కింది. ఎక్కి అక్కడే కూర్చుంది.

బాలమణి చాపిన మెడ అట్లాగే ఉంచింది. కదిలితే అంకె దిగిపోతుందేమో అన్నట్టు.

తర్వాత కుర్మన్న హారన్ కొట్టాడు. రోడ్డు మీద ఎవరూ లేరు. మళ్లీ కొట్టాడు. గొర్లు కాసుకునే ముసలాయన ఎవరో దూరం నుంచి కర్ర ఎత్తి చూపితే ఆయనకు ఇంకోటి కొట్టాడు. "మక్తలాయనకు ఫోన్ చెయ్యే బాలమణీ! బండి అమ్ముడు లేదు, పాడు లేదని చెప్పు!"

"చేసిన" అంది బాలమణి. అప్పటికే ఫోన్ ఆమె చెవి దగ్గర ఉంది.

కొత్తకోట వచ్చింది. మా షెడ్డు వచ్చింది. జహంగీర్ స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నేను చెయ్యి ఊపాను. అతనూ ఊపాడు. షెడ్డు వెనక్కి పోయింది.

"తమ్మీ, నా దుకాణం!"

"అయ్యో! అయిదుల ఉంది గదక్కా, ఆపబుద్ధి కాలే" అన్నాడు. ఎక్కడో ముందుకు పోయి తిప్పుకుని రావాల్సి వచ్చింది. ఆ తిప్పుడులో కూడా అందరికంటే ఎక్కువ సంబరపడింది అతనే.

జమ్ము రోజూ కోయలేరు కదా. సంగతి వినగానే జహంగీర్ నుదురు కొట్టుకున్నాడు. "పాల ట్యాంకర్ల అడ్డం గోడలుంటయి. ఎన్ని చూసిన! గిది యాదికే రాలేదు." లారీ ట్యాంకర్లలో నీళ్లు, పాలు ఊగకుండా లోపల చిల్లుల పలకలు అడ్డంగా పెడతారు. వాటిని బ్యాఫిల్ అంటారు. అతను స్టీలు పలకలు కోసి, పెద్ద పెద్ద చిల్లులు వేసి, ట్యాంకులో బిగించాడు. చిల్లుల అంచులు చేపకు గీసుకోకుండా నున్నగా రుద్దించే పని బాలమణి తీసుకుంది. మాకందరికీ నచ్చినా ఆమెకు నచ్చలేదు. చెయ్యి లోపల పెట్టి తడిమి, "మల్ల రుద్దన్నా" అంటూ సాయంత్రం దాకా జహంగీర్‌ను కూర్చోనివ్వలేదు.

ఆ బండి ఇప్పటికీ తిరుగుతోంది. గేరుబాక్సు మేం విప్పనే లేదు. అప్పుడప్పుడు ఆయిల్ మారుస్తాం, అంతే. కుర్మన్న మా షెడ్డు ముందు నుంచి పోతూ ప్రతిసారీ హారన్ కొడతాడు.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటే. బండిని దాని పని నుంచి విడదీసి చూస్తే సగమే కనబడుతుంది. ఖాళీ బండిని హైదరాబాదు వాళ్లూ చూశారు, మేమూ చూశాం. అందరం ఉన్నదే చెప్పాం. లోపం గేరుబాక్సులో లేదు, మేం చూసిన బండిలోనే లేదు. మర్యాదకని కుర్మన్న ఇంటి దగ్గర ట్యాంకులోంచి పారబోసిన నీళ్లలో ఉంది.

అందుకే ఆ తర్వాత ఒక రేకు ముక్కకు తెల్ల రంగు వేసి, ఎర్ర రంగుతో నా చేత్తో నేనే ఒక బోర్డు రాశాను. అక్షరాలు కొంచెం కుడివైపు వాలాయి గానీ చదవడానికి వస్తాయి. "బండి కడిగి తేవద్దు. రోజూ ఏది మోస్తే అది వేసుకుని, ఎట్లా తోలితే అట్లా తోలుకుని రండి." మా షెడ్డు ముందు గుంజకు కట్టాను. జహంగీర్ దూరం నుంచి చూసి, దగ్గర నుంచి చూసి, బాగుందన్నాడు.

మరునాడు పొద్దున ఒకాయన ట్రాలీ నిండా పచ్చి పెంట వేసుకుని ట్రాక్టరుతో వచ్చాడు. దాని వెనకే ఒక ఆటో. అందులో నాట్లకు పోయే ఆడవాళ్లు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని ఉన్నారు. "గేరు పడుతలేదక్కా. బోర్డు సూసి, అందరిని ఎక్కించుకునే వచ్చిన" అన్నాడు ఆటో డ్రైవరు. "జల్ది చూడక్కా, నాటుకు ఆల్చమైతాంది" అన్నారు లోపలి వాళ్లు.

జహంగీర్ ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని బోర్డు వైపూ, నా వైపూ చూశాడు.

"నీకు రాసుడు రాకముందే నయముండె" అన్నాడు.

నేను ఆటో డ్రైవరును పక్కకు జరగమని, ఆ ఆడవాళ్లందరితో సహా బండి స్టార్ట్ చేశాను.